శుక్లం ఆపరేషన్ తర్వాత కంటిలో ఇన్‌ఫెక్షన్: బాక్టీరియోఫేజ్‌లు ఆదుకోగలవా?



మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఈమధ్య ఎవరో ఒకరికి శుక్లం ఆపరేషన్ జరిగే ఉంటుంది. తాతగారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఇంటికి వస్తారు. వెంట రెండు మూడు చుక్కలమందు సీసాలు, ఒక చీటీ. తలస్నానం చేయవద్దు, కన్ను నలపవద్దు, బరువులు ఎత్తవద్దు అని ఆ చీటీలో ఉంటుంది. ఇంటిల్లిపాదీ వాటిని శ్రద్ధగా పాటిస్తారు. చివర ఇంకో వాక్యం ఉంటుంది: కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, చూపు తగ్గినా వెంటనే ఆసుపత్రికి రావాలి అని. దాన్ని మాత్రం చాలామంది చదివి వదిలేస్తారు. ఆపరేషన్ అన్నాక కాస్త నొప్పి ఉండదా, రేపటికి తగ్గుతుందిలే అనుకుంటారు.

ఈ రోజు పాఠం ఆ చివరి వాక్యం గురించే. దాని వెనుక ఉన్న జబ్బు ఏమిటి, ఇప్పుడు దానికి ఏ వైద్యం చేస్తున్నారు, బాక్టీరియాను చంపే వైరస్‌లు ఈ జబ్బులో మనకు ఎంతవరకు పనికివస్తాయి అనేది చూద్దాం.

ముందుగా మీరు బడిలో వేసిన కంటి బొమ్మను గుర్తు చేసుకోండి. ముందు భాగంలో గడియారం అద్దంలా కార్నియా, దాని వెనుక కటకం, కటకం వెనుక గుడ్డులోని తెల్లసొనలా ఉండే కచావత్ ద్రవం, అన్నిటికన్నా వెనుక గోడకు అంటుకుని నేత్రపటలం, అంటే రెటీనా. శుక్లం అంటే కటకం మసకబారటం. డాక్టరు కార్నియా అంచున చిన్న గంటు పెట్టి, మసకబారిన కటకాన్ని తీసి, ప్లాస్టిక్ కటకాన్ని అమర్చుతారు. పదిహేను ఇరవై నిమిషాల పని. ప్రపంచంలో ఎక్కువగా జరిగే ఆపరేషన్లలో ఇది ఒకటి. మన దేశంలోనే ఏటా అరవై లక్షలకు పైగా జరుగుతున్నాయి.

ఆ గంటు ఎంత చిన్నదైనా అది ద్వారమే. మన కనురెప్పల అంచుల మీద, వెంట్రుకల మొదళ్ళలో ఎప్పుడూ బాక్టీరియా ఉంటాయి. స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనేది వాటిలో ముఖ్యమైనది. చర్మం మీద ఉన్నంతకాలం అది మనకు ఏ హానీ చేయదు. కానీ కంటి లోపలికి పోతే సంగతి వేరు. కచావత్ ద్రవంలో రక్తనాళాలు లేవు. కాంతి అడ్డులేకుండా రెటీనాకు చేరాలి కాబట్టి ప్రకృతి దాన్ని అలా పారదర్శకంగా ఉంచింది. చూపుకు అది వరం. ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు అదే శాపం. రక్తనాళాలు లేనిచోటికి తెల్లరక్తకణాలు ఆలస్యంగా చేరతాయి, మింగిన మాత్రలోని మందు సరిగా చేరదు. బాక్టీరియాకు మాత్రం కావలసినంత వెచ్చదనం, ఆహారం దొరుకుతాయి. కంటిలోపల ఇలా వచ్చే ఇన్‌ఫెక్షన్‌ను ఎండాఫ్తాల్మైటిస్ అంటారు.

దీనికి కారణమయ్యే బాక్టీరియా అన్నీ ఒకేలా ప్రవర్తించవు. ఎపిడెర్మిడిస్ కాస్త నెమ్మది. స్టెఫైలోకాకస్ ఆరియస్, ఎంటెరోకాకస్ ఫీకాలిస్, సూడోమోనాస్ వంటివి వస్తే ఒకటి రెండు రోజుల్లోనే రెటీనాను దెబ్బతీయగలవు. రెటీనా మెదడు లాంటి నాడీకణజాలం. చర్మం తెగితే మళ్ళీ అతుక్కుంటుంది, ఎముక విరిగితే కూడుకుంటుంది, రెటీనా కణాలు చనిపోతే మళ్ళీ పుట్టవు. అందుకే ఈ జబ్బులో రోజులు కాదు, గంటలు లెక్కపెట్టాలి. ఈ మాట గుర్తుంచుకోండి, పాఠం చివరికి వచ్చేసరికి మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఈ ఇన్‌ఫెక్షన్ అరుదు. తమిళనాడులోని అరవింద్ కంటి ఆసుపత్రుల వైద్యులు దాదాపు ఇరవై లక్షల ఆపరేషన్ల వివరాలు పరిశీలించి 2019లో ప్రచురించారు. ఆపరేషన్ ముగిసే ముందు కంటి ముందు గదిలోకి మాక్సిఫ్లోక్ససిన్ అనే యాంటీబయాటిక్‌ను ఎక్కించనివారిలో 0.07 శాతం మందికి, ఎక్కించినవారిలో 0.02 శాతం మందికి ఇన్‌ఫెక్షన్ వచ్చింది. అంటే పదివేల మందిలో ఏడుగురు ఉండేచోట ఇద్దరు. ఇదే నిష్పత్తి దేశమంతటా ఉంటుందనుకుని అరవై లక్షల ఆపరేషన్లకు లెక్కవేయండి. మొదటి పద్ధతిలో 4,200 కళ్ళు, రెండో పద్ధతిలో 1,200. ఒక్క ఇంజక్షన్ చేసే తేడా ఇది. కొత్త చికిత్సల గురించి మాట్లాడేటప్పుడు మనం నివారణను చిన్నచూపు చూడకూడదు. ఆపరేషన్ గది శుభ్రంగా లేకపోయినా, కంటిని కడిగే ద్రావణం కలుషితమైనా ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి. 2016లో హైదరాబాద్‌లోనే ఒక కంటి ఆసుపత్రిలో ఒకేరోజు ఆపరేషన్ చేయించుకున్న పలువురికి ఇలా ఇన్‌ఫెక్షన్ సోకింది. అటువంటి సంఘటనకు జవాబు కొత్త మందు కాదు, శుభ్రత.

సరే, ఎంత జాగ్రత్తపడ్డా ఆ పదివేలలో ఇద్దరు మిగులుతున్నారు కదా, వాళ్ళకు ఏం చేస్తారు?

కచావత్ ద్రవంలోంచి కొద్దిగా నమూనా తీసి ప్రయోగశాలకు పంపుతారు. ఫలితం కోసం ఆగకుండా వెంటనే కంటిలోకి నేరుగా రెండు యాంటీబయాటిక్‌లు ఇస్తారు: ఒక మిల్లీగ్రాము వాంకోమైసిన్, రెండుంపావు మిల్లీగ్రాముల సెఫ్టాజిడిమ్. మొదటిది గ్రామ్ పాజిటివ్ బాక్టీరియాకు, రెండోది గ్రామ్ నెగటివ్ వాటికి. శత్రువు ఎవరో తెలియదు కాబట్టి రెండువైపులా వల వేయటం అన్నమాట. కచావత్ ద్రవం మొత్తం నాలుగు మిల్లీలీటర్లే. అందుకే ఇంత తక్కువ మందు సరిపోతుంది. జబ్బు బాగా ముదిరితే ఆ ద్రవాన్నే తొలగించే విట్రెక్టమీ ఆపరేషన్ చేస్తారు. అమెరికాలో 420 మంది రోగుల మీద జరిగి 1995లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ఈ విషయంలో వైద్యులకు దారి చూపింది. వెలుతురు మాత్రమే తెలిసేంతగా చూపు పడిపోయినవారికి విట్రెక్టమీ వెంటనే చేస్తే మేలని, అంతకన్నా చూపు మిగిలినవారికి ఇంజక్షన్‌తో మొదలుపెడితే చాలని అందులో తేలింది.

ఈ పద్ధతి చాలామంది చూపు నిలబెట్టింది. కానీ ఆ రెండు మందులకూ లొంగని బాక్టీరియా వస్తే? వాంకోమైసిన్‌ను తట్టుకునే ఎంటెరోకాకస్ ఇప్పుడు కొత్త మాట కాదు. 2023లో అమెరికాలో కృత్రిమ కన్నీటి చుక్కల సీసాల ద్వారా, దాదాపు ఏ మందుకూ లొంగని సూడోమోనాస్ వ్యాపించింది. 18 రాష్ట్రాల్లో 81 మందికి సోకింది, 14 మంది చూపు పోయింది, నలుగురికి కనుగుడ్డే తీసేయవలసి వచ్చింది, నలుగురు చనిపోయారు. ఆ చుక్కలు తయారైంది మన దేశంలోనే. అది ఆపరేషన్ వల్ల వచ్చిన జబ్బు కాదు. అయినా మందులు పనిచేయని రోజున కంటికి ఏమవుతుందో అది చూపించింది.

ఇక్కడే బాక్టీరియోఫేజ్‌లు రంగంలోకి వస్తాయి.

బాక్టీరియోఫేజ్ అంటే బాక్టీరియాను తినేది అని అర్థం. నిజానికి అది తినదు, దానికి నోరూ లేదు, కడుపూ లేదు. అది ఒక వైరస్. మనుషులకు జలుబు తెచ్చే వైరస్‌లు ఉన్నట్టే బాక్టీరియాకూ వైరస్‌లు ఉన్నాయి. పాఠ్యపుస్తకంలో టీ4 ఫేజ్ బొమ్మ చూసే ఉంటారు: పలకలు తీరిన తల, కింద తోక, తోక చివర సాలెపురుగు కాళ్ళలాంటి తంతువులు. నిలువునా కొలిస్తే దాదాపు 200 నానోమీటర్లు. ఐదువేల ఫేజ్‌లను ఒకదానిమీద ఒకటి నిలబెడితే ఒక మిల్లీమీటరు.

వీటి చరిత్రలో మన దేశం పేరు మొదటి పేజీలోనే కనిపిస్తుంది. ఎర్నెస్ట్ హాంకిన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఆగ్రాలో పనిచేస్తూ, గంగా యమునా జలాల్లో కలరా క్రిములు తొందరగా చచ్చిపోతున్నాయని 1896లో రాశాడు. నీటిని మరిగిస్తే ఆ గుణం పోతోందని కూడా గమనించాడు. ఆయన చూసింది ఫేజ్‌లనేనని కొందరు అంటారు, కాదనేవారూ ఉన్నారు. ఈ కథ చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అయితే గంగనీళ్ళు తాగితే జబ్బులు పోతాయా మాస్టారూ అని అడుగుతారు. పోవు. కలుషితమైన నీటిలో ఫేజ్‌లతోబాటు జబ్బుచేసే క్రిములూ ఉంటాయి. ఫేజ్‌లు ఉన్నాయంటేనే వాటికి తిండి అయిన బాక్టీరియా అక్కడ ఉందని అర్థం.

లండన్‌లో ఫ్రెడరిక్ ట్వార్ట్ 1915లో, పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫెలిక్స్ డి హెరెల్ 1917లో విడివిడిగా వీటిని కనిపెట్టారు. పేరు పెట్టింది డి హెరెల్. విరేచనాల రోగులకు వీటితో వైద్యం చేసి చూసిందీ ఆయనే. ఆ తర్వాత కలరా మీద పనిచేయటానికి ఆయన మన దేశానికి కూడా వచ్చాడు. ఆయన స్నేహితుడు జార్జి ఎలియావా 1923లో జార్జియా దేశపు టిబిలిసీ నగరంలో ఒక సంస్థను స్థాపించాడు. 1937లో స్టాలిన్ పాలనలో ఎలియావాను కాల్చి చంపారు. సంస్థ మాత్రం ఈనాటికీ పనిచేస్తోంది. 1940లలో పెన్సిలిన్ రావటంతో పడమటి దేశాలు ఫేజ్‌లను మరిచిపోయాయి. అందులో వింతేమీ లేదు. ఏ క్రిమి అని చూడకుండా ఒకే మందు పదిరకాల క్రిములను చంపుతుంటే, క్రిమి క్రిమికీ ఒక ఫేజ్‌ను వెతికే ఓపిక ఎవరికి ఉంటుంది?

ఫేజ్ పని తీరు చూడండి. తోక తంతువులు బాక్టీరియా కణకవచం మీద తమకు సరిపోయే అణువును వెతుకుతాయి. తాళంచెవి తాళంలో పట్టినట్టు పడితేనే పని ముందుకు సాగుతుంది. పట్టగానే ఫేజ్ తన డీఎన్ఏను లోపలికి ఎక్కిస్తుంది. అప్పటినుంచి ఆ బాక్టీరియా తన పని మాని ఫేజ్‌లను తయారుచేసే కర్మాగారం అవుతుంది. అరగంటలో దాదాపు వంద కొత్త ఫేజ్‌లు తయారవుతాయి. చివరికి ఎండోలైసిన్ అనే ఎంజైము కణకవచాన్ని లోపలినుంచి కరిగిస్తుంది, బాక్టీరియా పగిలిపోతుంది, ఆ వందా బయటికి వచ్చి మరో వందను పట్టుకుంటాయి. కాగితం మీద లెక్కవేస్తే గంటన్నరలో ఒక్క ఫేజ్ పదిలక్షలవుతుంది. మందు ఒంట్లో గంట గంటకూ తగ్గుతుంది, ఫేజ్ మాత్రం శత్రువు ఉన్నంతసేపూ పెరుగుతుంది. శత్రువు అయిపోగానే దానికి పెరిగే దారి ఉండదు. మన కణాల మీద దానికి సరిపోయే తాళం లేదు కాబట్టి రెటీనా కణాల జోలికి అది పోదు.

ఇంకో రకం ఫేజ్‌లు ఉన్నాయి. అవి బాక్టీరియాను వెంటనే చంపకుండా తమ డీఎన్ఏను దాని డీఎన్ఏలో కలిపి దాక్కుంటాయి. కలరా, డిఫ్తీరియా విషాలను తయారుచేసే జన్యువులు బాక్టీరియాకు అలాంటి ఫేజ్‌ల నుంచే వచ్చాయి. వైద్యానికి ఇవి పనికిరావు. పగలగొట్టి చంపే రకాన్నే, అదీ జన్యువులన్నీ చదివి చూసిన తర్వాతే వాడాలి.

ఇక కంటి విషయానికి వద్దాం. జపాన్‌లోని కోచి విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 2019లో ఒక ప్రయోగం ప్రచురించారు. చిట్టెలుకల కళ్ళలోకి పదివేల ఎంటెరోకాకస్ ఫీకాలిస్ కణాలను ఎక్కించారు. కొన్నిటికి వాంకోమైసిన్‌కు లొంగే రకం, కొన్నిటికి లొంగని రకం. చిట్టెలుక కన్ను మిరియపు గింజకన్నా చిన్నది, అంత చోటులో ఇరవైనాలుగు గంటల్లో బాక్టీరియా సంఖ్య కోటి దాటింది. వేరే చిట్టెలుకలకు ఆరు గంటల తర్వాత కంటిలోకి ఫేజ్‌లను ఇచ్చారు. వాటిలో బాక్టీరియా బాగా తగ్గింది, వాపు కణాలు తగ్గాయి, రెటీనా నిర్మాణం నిలబడింది. మందు ఇవ్వని కళ్ళలో రెటీనా ఊడి వచ్చేసింది. మందుకు లొంగని రకం మీద కూడా ఫేజ్ పనిచేసింది. అసలు విశేషం అదే. ఆపరేషన్ తర్వాత ఇన్‌ఫెక్షన్ వచ్చిన మనుషుల కళ్ళనుంచి తీసిన బాక్టీరియాను కూడా ఆ ఫేజ్ గాజుపాత్రలో పగలగొట్టగలిగింది.

దీనికంటే ముందే, 2014లో, అమెరికాలోని డెట్రాయిట్‌లో వేన్ స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అశోక్ కుమార్, పవన్ కుమార్ సింగ్ మరో దారి పట్టారు. ఫేజ్‌ను కాకుండా, కణకవచాన్ని కరిగించే ఎండోలైసిన్ ఎంజైమును మాత్రమే వాడారు. స్టెఫైలోకాకస్ ఆరియస్ ఎక్కించిన చిట్టెలుకల కళ్ళలోకి ఆరు గంటలకో పన్నెండు గంటలకో దాన్ని ఇస్తే బాక్టీరియా తగ్గింది, చూపు మెరుగ్గా నిలిచింది. గ్రామ్ పాజిటివ్ బాక్టీరియాకు కవచం బయటికే ఉంటుంది కాబట్టి ఎంజైము బయటినుంచే దాన్ని కరిగించగలదు. గ్రామ్ నెగటివ్ వాటికి పైన ఇంకో పొర ఉంటుంది, అక్కడ ఈ ఉపాయం అంత తేలిగ్గా పారదు.

మనుషుల్లో? కంటి ఉపరితలం మీద ఒక ఉదాహరణ ఉంది. వాంకోమైసిన్‌కు సరిగా లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్‌తో ఏళ్ళతరబడి బాధపడిన 65 ఏళ్ళ మహిళకు టిబిలిసీలో నాలుగు వారాలపాటు ఫేజ్ చికిత్స చేశారు. మూడు నెలలకు, ఆరు నెలలకు చేసిన పరీక్షల్లో ఆ బాక్టీరియా కనిపించలేదని వైద్యులు 2015లో రాశారు. సంతోషించదగ్గ వార్తే. కానీ అది ఒక్కరి సంగతి. పైగా అది కార్నియా జబ్బు, నెమ్మదిగా నడిచినది, ఫేజ్‌ను వెతికే తీరిక ఉన్నది. కంటి లోపలి ఇన్‌ఫెక్షన్‌లో ఆ తీరిక ఉండదు.

ఈ తీరిక సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పత్రికల్లో ఫేజ్‌ల గురించి రాసేటప్పుడు అది ఫలానా బాక్టీరియానే గురిచూసి కొడుతుంది, మంచి బాక్టీరియాను ముట్టదు అని పొగుడుతారు. నిజమే. కానీ గురి అంత కచ్చితమైతే ముందు శత్రువు ఎవరో తెలియాలి. ఎంటెరోకాకస్ అని తెలిస్తే చాలదు, అందులో ఏ రకమో కూడా కావాలి. ఒకే జాతిలోని రెండు రకాలలో ఒకదానిమీద పనిచేసిన ఫేజ్ రెండోదానిమీద పనిచేయకపోవచ్చు. నమూనా నుంచి బాక్టీరియా పెరగటానికి ఒక రోజో అంతకన్నా ఎక్కువో పడుతుంది. ఏ ఫేజ్ సరిపోతుందో చూడటానికి మరికొన్ని గంటలు. చిట్టెలుకకు ఆరో గంటకే ఫేజ్ ఇచ్చారు, ఎందుకంటే ఇన్‌ఫెక్షన్ ఎప్పుడు మొదలైందో, ఏ బాక్టీరియాతోనో పరిశోధకులకు ముందే తెలుసు. మన తాతగారు నొప్పి మొదలయ్యాక ఒక రాత్రి ఓర్చుకుని, మర్నాడు బస్సెక్కి జిల్లా కేంద్రానికి వచ్చేసరికి ఇరవైనాలుగు గంటలు గడిచి ఉంటాయి. ఆ చిట్టెలుక కంటిలో కోటి దాటిన సమయం అది.

అందుకని నా అభిప్రాయం ఇది. వాంకోమైసిన్ ఇంజక్షన్‌ను పక్కకు నెట్టి ఫేజ్ వచ్చే రోజు దగ్గరలో లేదు, అలా రావాలని కోరుకోవటం కూడా సరికాదు. మొదటి గంటలో యాంటీబయాటిక్, ఆ తర్వాత అవసరమైతే దానికి తోడుగా ఫేజ్ అన్నదే నాకు నమ్మదగ్గ దారిగా కనిపిస్తోంది. అది కూడా కంటి జబ్బుల్లో సాధారణంగా కనిపించే బాక్టీరియాకు సరిపోయే ఫేజ్‌లను ముందే సేకరించి, శుద్ధిచేసి, రక్తనిధిలో రక్తం ఉంచినట్టు నిల్వ ఉంచితేనే సాధ్యం. నాలుగైదు ఫేజ్‌లు కలిపిన మిశ్రమాలు వాడితే గురి కొంత విశాలమవుతుంది. ఒక ఫేజ్‌ను తట్టుకునే బాక్టీరియా పుట్టినా మరొకటి దాన్ని పట్టుకుంటుంది.

శుద్ధి అన్నానే, అది చిన్న పని కాదు. ఫేజ్‌లను పెంచేది బాక్టీరియాలోనే. అవి పగిలినప్పుడు వాటి ముక్కలు, గ్రామ్ నెగటివ్ వాటినుంచైతే ఎండోటాక్సిన్ అనే విషపదార్థం, ఆ ద్రావణంలో కలుస్తాయి. కాలి పుండు మీద అవి కొంత ఉన్నా నడుస్తుందేమో, రెటీనా పక్కన నడవదు. వాపు కూడా రెటీనాను చంపుతుంది. నిల్వలో ఫేజ్‌ల బలం తగ్గటం ఇంకో ఇబ్బంది. ఐరోపాలో కాలిన గాయాల మీద జరిగిన ఫేజోబర్న్ అనే పరీక్షలో రోగికి అందేసరికి ఫేజ్‌ల సంఖ్య అనుకున్నదానికన్నా ఎన్నో రెట్లు పడిపోయింది. మామూలుగా వాడే పూతమందుకన్నా అది నెమ్మదిగా పనిచేసింది. మంచి ఆలోచన కూడా సీసాలోకి ఎక్కేటప్పుడు ఓడిపోవచ్చు.

మన దేశంలోనూ పని జరుగుతోంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయం వైద్యులు మానని పుండ్ల మీద ఫేజ్‌లను వాడి 2019లో ఫలితాలు ప్రచురించారు. పుండుకు తీరిక ఉంటుంది కాబట్టి ముందు అక్కడ నేర్చుకోవటం తెలివైన పనే. కంటికి కావలసిన ఫేజ్‌ల నిధికి ముడిసరుకు కొరత మాత్రం లేదు. ఆసుపత్రి మురుగునీటిలో వెతికితే చాలు.

డిగ్రీలో మైక్రోబయాలజీ చదివేవారు ఈ వారం ఒక ప్రయోగం చేయవచ్చు. మీ అధ్యాపకుల పర్యవేక్షణలోనే, ప్రయోగశాలల్లో వాడే హానిలేని ఈ కోలై రకంతోనే చేయండి. కొద్దిగా మురుగునీటిని తేర్చి, బాక్టీరియా పట్టని సన్నని వడపోత కాగితం గుండా వడకట్టండి. ఆ నీటి చుక్కను ఈ కోలైతో, కరిగించి చల్లార్చిన పలుచని అగార్‌తో కలిపి పెట్రీ పళ్ళెంలో పోసి, 37 డిగ్రీల వద్ద ఉంచండి. మర్నాటికి పళ్ళెమంతా బాక్టీరియా మబ్బులా పరుచుకుంటుంది. మీ అదృష్టం బాగుంటే మధ్యమధ్య గుండ్రంగా ఖాళీ మచ్చలు కనిపిస్తాయి. వాటిని ప్లాక్‌లు అంటారు. ఒక్కొక్క మచ్చా ఒక్క ఫేజ్‌తో మొదలైందే. డి హెరెల్ చూసింది ఇదే. రోగి కంటిలోని బాక్టీరియాకు ఏ ఫేజ్ సరిపోతుందో తెలుసుకునే మామూలు పద్ధతీ ఇదే.

మచ్చల సంఖ్యతోబాటు, పళ్ళేన్ని ఇంక్యుబేటర్‌లో పెట్టిన సమయం, మొదటి మచ్చ కంటికి కనిపించిన సమయం కూడా మీ రికార్డులో రాసుకోండి. ఆ రెండిటి మధ్య ఎన్ని గంటలు పట్టిందో మీ అధ్యాపకులకు చూపించండి.